జంగ్లీఘాట్‌లో ఎవరికీ ఒత్తిడి లేదు

ఒత్తిడి మీద పరిశోధన చేస్తున్నానని మనవరాలు చెప్పినప్పుడు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఓడల తుప్పు కొట్టి బతికినవాణ్ణి నేను. పొద్దున్నే సుత్తి పట్టుకుని ఇనుప గోడ ముందు కూర్చుంటే, సాయంత్రం సుత్తి కింద పెట్టాక కూడా చెవిలో మోత ఆగేది కాదు. కుడి చెవి సగం ఆ మోతకే పోయింది. దాన్ని మేం పని అన్నాం. ఇప్పుడు పరీక్ష ముందుకు జరిగితే ఒత్తిడి, వెనక్కి జరిగితే ఒత్తిడి, ఫోనులో నెట్టు రాకపోతే ఒత్తిడి. మాకూ బెంగ ఉండేది, మనేద ఉండేది. ఎవరూ పరిశోధించలేదు. ఉప్పుతో దిష్టి తీసి మర్నాడు పనికి పంపించేవారు.

అయినా నా ఒళ్ళు మండింది అందుకు కాదు.

పిల్ల మా దీవులు వదిలి, సముద్రం అవతల మెయిన్‌లాండులో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. చదువులో, జీవితంలో ఒత్తిడి ఎందుకు వస్తుంది, వస్తే మనిషి ఏమవుతాడు అన్నది దాని విషయం. మీ ఊళ్ళో పిల్లల్నీ పెద్దల్నీ అడిగి రమ్మని గైడు పంపించారట. బడిపిల్లల పని తొందరగానే అయిపోయింది. వాళ్ళు హిందీలోనో ఇంగ్లీషులోనో టకటకా రాసిచ్చేశారు. మిగిలింది మా జంగ్లీఘాట్ పెద్దలు. వాళ్ళ కోసం కాలేజీలో ఎవరి చేతనో ప్రశ్నలు తెలుగు చేయించుకొచ్చింది. తీరా చూస్తే మా పిల్లకి తెలుగు మాట్లాడడమే వచ్చు. అక్షరాలు చూస్తే ఇసకలో ఎండ్రకాయలు పాకినట్టుంటాయంటుంది.

అది చదివిపెట్టడానికి ఊరి చివర ఆస్టినాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసింది.

మా తమ్ముడు రిటైరైన తెలుగు మాస్టారు. మా నాన్నకి ఒక్కణ్ణే చదివించే శక్తి ఉండేది. పెద్దవాణ్ణి కాబట్టి నా చేతికి సుత్తి వచ్చింది, చిన్నవాడు కాబట్టి వాడు చదువుకి ఓడెక్కాడు. నాకూ అక్షరాలు ఊరికే రాలేదు. మా ఊరి అబర్డీన్ బజార్‌లో ఒక కిరాణా కొట్టు ముందు నిలబడి, ఓడ మీద వచ్చిన పాత తెలుగు పేపర్లు పొట్లాలయ్యేలోపు చదివేవాణ్ణి. కొనవు, కదలవు అని కొట్టువాడు తిట్టేవాడు. పప్పు పొట్లం విప్పి సగంలో తెగిన వార్త చదివి, మిగతా సగం ఎవరింట్లో ఉందోనని రాత్రంతా ఆలోచించినవాణ్ణి. తర్వాత పుస్తకాల్లో పడ్డాను. కళ్ళద్దాలు తుడుచుకుని తమ్ముడు మొదటి పంక్తి మొదలుపెట్టేసరికి నేను పేజీ తిప్పుతాను, ఇప్పటికీ.

చదివేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆస్టినాబాద్ దాకా ఎందుకని మనవరాల్ని అడిగాను.

"తాతా, ఇది బుక్స్‌లో ఉండే తెలుగు. మీరు స్కూల్‌కి పోలేదు కదా. టెన్షన్ మత్ లో" అంది.

అప్పుడు నాకు వచ్చినదాన్నే ఒత్తిడి అంటారేమో. పిల్ల దాన్ని రాసుకోలేదు మరి.

వాళ్ళిద్దరూ ఇల్లిల్లూ తిరుగుతుంటే నేను వసారాలో కూర్చుని చూసేవాణ్ణి. వాడు ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి. సన్నగా జల్లు పడితే పిల్ల వాడి తల మీద గొడుగు పట్టేది. నా తల మీద ఏనాడూ పట్టలేదు. వాడు గడప దగ్గర కుర్చీ వేయించుకుని, క్లాసులో చదివినట్టు గొంతెత్తి ప్రశ్న చదివేవాడు. నా ఎడమ చెవికి ఇక్కడిదాకా వినిపించేది. తిరిగొచ్చాక మా కోడలు వాడికి సాసర్ పెట్టిన కప్పులో టీ ఇచ్చేది. నాకు స్టీలు గ్లాసు. ఆ టీ తాగుతూ వాడు ఓడలో పీతల బుట్ట తిరగబడిన కథ చెబితే పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ కథ నాది. బుట్ట తిరగబడింది నా చేతిలో. ఆ రోజు వాడు ఆ ఓడలోనే లేడు.

ఇళ్ళన్నీ అయ్యాక పిల్ల జవాబులు దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. కోడలు వెళ్ళి చూస్తే ఏడుస్తోంది.

సంగతేమిటంటే జంగ్లీఘాట్‌లో ఎవరికీ ఒత్తిడి లేదు. నిద్ర పడుతుందా అంటే హాయిగా పడుతుంది. ఇంట్లో గొడవలా? లేవు. కోపం, భయం, దిగులు? ఏవీ లేవు. తాగొచ్చే కొడుకుతో పొద్దస్తమానం వేగే ముసలమ్మకీ లేదు, ఇద్దరు కూతుళ్ళ చదువులకి పడవ అమ్ముకున్నవాడికీ లేదు. ఎప్పటి నుంచి అనే ప్రశ్నకి మాత్రం అందరూ ఒకే సంవత్సరం చెప్పారు. అప్పటికి పుట్టనివాడు కూడా అదే చెప్పాడు. ఇంట్లో కూర్చుని నువ్వే రాసుకొచ్చావా అని గైడు అడుగుతారని, చదువు ఇక్కడితో ఆగిపోతుందని పిల్ల భయం.

నాకు జాలి వేసింది. కానీ అంతకంటే ముందు, తమ్ముడు అంత గొంతెత్తి చదివినదంతా ఇలా అయిందని ఒక చల్లదనం కలిగింది. దాచడమెందుకు. కబురు విని మర్నాడు పొద్దున్నే వాడొచ్చాడు. ప్రశ్నలు నేను సరిగ్గానే చదివానే, ఒక్క అక్షరం తప్పు పోలేదే అంటూ వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

అప్పుడే చేపలామె వచ్చింది. మావాళ్ళ మనిషే. ఎన్నో ఏళ్ళుగా పడవల రేవు నుంచి మా ఇంటికి చేప తెస్తుంది. తమ్ముణ్ణి చూసి గంప దించి, పైట సర్దుకుంది.

"మాస్టరుగోరూ, కార్డులు ఎప్పుడిస్తారేటి? నాను అన్నీ సరిగ్గానే సెప్పాను గదా. మా కోడలి పేరు రాయించడం మర్సిపోనాను" అంది.

ఏ కార్డని తమ్ముడడిగాడు.

"ఐలాండర్ కార్డు బాబూ. మరింకేటికి ఇల్లిల్లూ తిరిగారు?"

నేను నవ్వాపుకోలేకపోయాను. మేం ఈ దీవులవాళ్ళమని చూపించేది ఆ కార్డే. సీటు కావాలన్నా ఉద్యోగం కావాలన్నా అదే కావాలి. కాగితాలు పట్టుకుని గడపలోకి వచ్చిన మనిషి మమ్మల్ని ఏనాడైనా అడిగింది ఒక్కటే, ఎప్పటి నుంచి ఉంటున్నారని. చెప్పవలసిన సంవత్సరాన్ని మా ఆడవాళ్ళు పిల్లలకి ఎక్కాల కంటే ముందు నేర్పుతారు. దానితోపాటు ఇంకోటి కూడా నేర్పుతారు. ఆఫీసువాళ్ళ ముందు కష్టం చెప్పకూడదు. పొరుగువాడితో గొడవ ఉందంటే గోడ కొలవడానికి వస్తారు. అంచేత ఏ ఇబ్బందీ లేదు బాబూ, ఫలానా సంవత్సరం నుంచీ ఇక్కడే ఉన్నాం బాబూ. ఇస్త్రీ చొక్కా, సంచి, పుస్తకంలో తెలుగు, వీటిని చూసి అందరూ ఆ పాఠమే అప్పజెప్పారు.

పిల్ల గబగబా బయటికొచ్చి చేపలామె పక్కన నేల మీద కూర్చుంది. కార్డు కాదు, గవర్నమెంట్ కాదు, నా చదువు కోసం అని చెప్పింది. చేపలామె నమ్మడానికి కాసేపు పట్టింది.

"నిజంగా నిద్ర పడుతుందా అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల.

"ఏటి నిద్ర తల్లీ. మనవడు పరీచ్చకని మెయిన్‌లాండు ఎల్లాడు. ఫోను మోగితే గుండె జారిపోతాది, మోగకపోతే ఇంకా జారిపోతాది" అని, గంప ఎత్తుకుంటూ, "ఇది మాత్రం కార్డులో రాయకే" అంది.

ఆమె వెళ్ళాక పిల్ల ఆ తెలుగు ప్రశ్నల్ని సంచిలో పెట్టేసింది. అందరి దగ్గరికీ ఉత్త చేతులతో మళ్ళీ వెళ్ళి, కబుర్లలాగా అడుగుతానంది. ఇంట్లోంచే మొదలుపెడతానని నా పక్కకి వచ్చింది. ఇన్నాళ్ళకి.

"అటు కాదమ్మా, ఎడం పక్కన కూర్చో. కుడి చెవి వినపడదు" అన్నాడు తమ్ముడు. వాడికి గుర్తుండడం కూడా నాకు నచ్చలేదు.

నేను చెప్పాను. ఎవరైనా అడుగుతారేమోనని ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్నదంతా చెప్పాను. సుత్తి సంగతి, పొట్లాల సంగతి, చదువు ఎంత అన్న చోట ఏమీ రాయలేక ప్రమోషన్ కాగితం వెనక్కి తీసుకున్న సంగతి. చెబుతున్నది పిల్లకే గానీ, వాడు వింటున్నాడా లేదా అని ఓరకంట చూస్తూనే ఉన్నాను. ఇదంతా ఎప్పటి నుంచి తాతా అని చివర్లో పిల్ల అడిగింది.

"వాడు ఓడెక్కిన రోజు నుంచి" అన్నాను.

మాట మార్చడానికేమో, పిల్ల అవే ప్రశ్నలు వాణ్ణీ అడిగింది. వాడు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడికీ ఆ రోజు నుంచేనట. ఓడ కదులుతుంటే వార్ఫు మీద నాన్న పక్కన నేను నిలబడి ఉన్నానట. హాస్టల్లో ప్రతి పరీక్ష ముందూ అదే కనిపించేదట. తప్పితే అదే ఓడలో తిరిగి రావాలి, దిగగానే నా మొహం చూడాలి. ఉద్యోగం వచ్చింది, రిటైరూ అయ్యాడు, ఇప్పటికీ కలలో పరీక్ష రాస్తుంటాడట. కిటికీ బయట నేను సుత్తి పట్టుకుని ఉంటానట.

"పాసైనా కూడా నువ్వు అక్కణ్ణించి కదలవన్నియ్యా" అన్నాడు నాతో.

నేను వాణ్ణి చూసి కుళ్ళుకుంటూ గడిపిన రోజుల్లో వాడు నన్ను చూసి భయపడుతూ గడిపాడా? ఆ సంగతి వాడు ముందే చెప్పి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది కాదా?

జవాబుకి ఇన్ని మార్కులని వాళ్ళ కాలేజీ లెక్క ఉందట, ఈలోపు పిల్ల ఇద్దరివీ కూడింది. చెప్పడానికి కాస్త సందేహించింది. నా కంటే వాడికే ఒత్తిడి ఎక్కువట.

ఇది ఎక్కడి న్యాయం? చదువు వాడు తిన్నాడు, ఉద్యోగం వాడు తిన్నాడు, సాసర్ కప్పు వాడిది, గొడుగు వాడిది. చివరికి నాకంటూ మిగిలిన ఆ ఒక్క దాంట్లో కూడా వాడే ఫస్టా?

"మళ్ళీ అడుగు. ఇంకా చెప్పనివి ఉన్నాయి" అన్నాను.

"కల్ ఫిర్ అడుగుతాను తాతా, ప్రామిస్" అంది పిల్ల నవ్వు దాచుకుంటూ.

కోడలు టీ తెచ్చింది. వాడి చేతికి కప్పూ సాసరూ అందిస్తుంటే ఆపాను. సాసర్ చుట్టాలకి, వాడికీ స్టీలు గ్లాసులోనే పొయ్యమన్నాను. పోసింది. అలవాటు తప్పిన చెయ్యి కదా, గ్లాసు అటూ ఇటూ మార్చుకుంటూ కాలుతోందన్నాడు.

కాలనీలే అన్నాను.