సొంత పాపం దొరకని పిల్లవాడు

ఆ రోజుల్లో మా బిట్రగుంట రైల్వే కాలనీలో ఏ తప్పుకైనా బాధ్యుడు ఇట్టే దొరికేవాడు. బండి ఆలస్యమైతే బొగ్గుది తప్పు. ఉతికిన బట్టల మీద మసి పడితే గాలిది తప్పు. పొయ్యి మీద కూర మాడితే అదే సమయానికి కూత వేసిన ఇంజనుది తప్పు. నా జీవితంలో మాత్రం జరిగిన ప్రతి చెడుకూ బాధ్యుడు ఒక్కడే. వాణ్ణి అందరూ బాయిలర్ అనేవాళ్లు. (తల్లిదండ్రులు వాడికి పెట్టింది ఒక ప్రవక్త పేరు. ఆ ప్రవక్త మీద గౌరవంతో ఇక్కడ రాయడం లేదు.)

బాయిలర్, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మాన్ గారి కొడుకు. వయసులో నాకంటే ఒక్క ఏడాది పెద్ద, వెడల్పులో రెండింతలు. బడికి పోయే దారిలో బొగ్గుగుట్ట పక్కన నిలబడి, నా టిఫిను డబ్బా తీసుకుని, దోసెలూ ముందురోజు చేపల పులుసూ తినేసి, ఖాళీ డబ్బాకు మర్యాదగా మూత పెట్టి ఇచ్చేవాడు. "పులుసులో ఇంకో మామిడికాయ ముక్క వెయ్యమని మీ అమ్మకు చెప్పబ్బయా" అని సలహా కూడా ఇచ్చేవాడు. నన్ను పేరు పెట్టి పిలవడు. "ఒరే గొర్రెపిల్లా" అంటాడు. బడిలో పిలకాయలంతా నవ్వేవాళ్లు. నేను తల వంచుకునేవాణ్ణి గానీ లోపల కొంచెం సంతోషంగానే ఉండేది. సండే స్కూల్లో చదువుకున్నవాణ్ణి, యేసుప్రభువునే గొర్రెపిల్ల అనే మా మతంలో ఆ పేరుకు ఉన్న హోదా ఏమిటో నాకు తెలుసు.

హింస పడటంలో ఇంత సుఖం ఉందని నాకు తెలిసింది బుధవారం ప్రార్థన కూటంలో. అక్కడ ఒక్కొక్కరూ లేచి తమ మనవి చెప్పుకుంటే మిగిలినవాళ్లు దాని కోసం ప్రార్థించేవాళ్లు. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి బదిలీ. నేను లేచి "నన్ను హింసించే ఒక సహోదరుని మనసు మారాలని ప్రార్థించండి" అనేవాణ్ణి. పేరు చెప్పేవాణ్ణి కాదు (నాకు క్షమాగుణం ఎక్కువ). చెప్పకుండా, వెనక వరసలో కూర్చున్న వాడి వైపు చూసేవాణ్ణి. ఆడవాళ్లు "అయ్యో నాయనా" అనేవాళ్లు. ఆ ఒక్క "అయ్యో" కోసం డబ్బాడు దోసెలైనా వదులుకోవచ్చు. వాడు నా జోలికి రాని వారాల్లో మనవికి ఏమీ లేక, నేనే పనిగట్టుకుని బొగ్గుగుట్ట దారిన పోయిన సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇంతలో గుడి (చర్చిని మేం అలాగే అంటాం) హార్మోనియం సంగతి వచ్చింది. ఒక శనివారం గుడి ఊడ్చే వంతు నాది. ఊడ్చాక బయటికి పోదామంటే, బాయిలర్ కాపు కాసి ఉన్నాడేమోనని అనుమానం. కిటికీ ఎత్తులో ఉంది. కింద హార్మోనియం ఉంది. ఎక్కాను. బయట బాయిలర్ లేడు, ఒక మేక ఉంది. కాలి కింద ఫట్‌మంది. మరునాడు ఆరాధనలో ఆ హార్మోనియం పాట ఎత్తుకోకుండా ఉబ్బసం మనిషిలా రొప్పింది. లోపలి గాలితిత్తి చిరిగిపోయింది. "ఎవరు చేసినారు ఈ పని?" అన్నారు పాస్టరు అయ్యగారు. గుడంతా బాయిలర్ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. నోరు తెరిచి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆ తేడా నాకు అప్పట్లో చాలా ముఖ్యం. ఆ సాయంకాలం ఫైర్‌మాన్ గారి బెల్టు చప్పుడు రెండు ఇళ్ల వరసల అవతలికి వినపడింది. బుధవారం నేను లేచి, హార్మోనియం పగలగొట్టినవాడి మనసు మార్చమని దేవుణ్ణి వేడుకున్నాను. అంత భక్తిగా ప్రార్థించిన పిల్లవాణ్ణి చూడలేదని అయ్యగారు మా అమ్మతో అన్నారట.

అలా ఆరు నెలలు గడిచాక మా వయసు పిల్లల బాప్తిస్మం వంతు వచ్చింది. బాప్తిస్మం కోరినవాళ్లు సంఘం ముందు నిలబడి తమ పాపాలు తమ నోటితో చెప్పుకోవాలి. పెద్దలకు అది నిజమైన పశ్చాత్తాపం అనిపిస్తే సముద్రానికి తీసుకుపోయి ముంచుతారు. అనిపించకపోతే మరుసటి ఏటి దాకా ఆగమంటారు. ఆగమనిపించుకున్న పిల్లవాడి తల్లి కాలనీ కుళాయి దగ్గర తలెత్తుకు నిలబడలేదు. మా అమ్మ అప్పటికే నాకు తెల్లచొక్కా కుట్టించింది, మేనమామను రమ్మని ఉత్తరం రాసింది. నా ఇబ్బంది ఏమిటంటే, ఎంత వెతికినా నాలో పాపాలు కనపడలేదు. రెండు రోజులు కూర్చుని ఒక కాగితం నిండా రాశాను. చదువుకుంటే అంతా బాయిలర్ చరిత్ర. పోనీలే, హింస పడినవాడి సాక్ష్యమూ సాక్ష్యమే కదా అనుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ముందు బాయిలర్‌ను పిలిచారు. వాడు చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "వీడి దోసెలు తిన్నాను అయ్యగారూ. పులుసు తాగినాను. మొహాన బొగ్గుపొడి పూసినాను. నా సంచి వీడి చేత మోయించినాను. వీడి నిక్కరు తీసకపోయి ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టానికి కట్టినాను." నా కాగితంలో ఉన్నవన్నీ వరస తప్పకుండా వాడే చెప్పేస్తున్నాడు. నాకు తెలియనివి కూడా రెండు చెప్పాడు. దోసెలు పోయినప్పుడు కూడా నాకంత దుఃఖం రాలేదు. "మరి హార్మోనియం?" అన్నారు అయ్యగారు. బాయిలర్ వెనక్కి తిరిగి వాళ్ల నాయన వైపు చూశాడు. "అదీ నేనే" అన్నాడు. గుడంతా "స్తోత్రం" అంది.

తరువాత నన్ను పిలిచారు. "చెప్పు నాయనా, నీ పాపాలేంది?" జేబులో కాగితం ఉంది, అందులో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "హార్మోనియం పగలగొట్టింది వాడు కాదు అయ్యగారూ" అన్నాను. అది పశ్చాత్తాపం అని రాసుకోవాలని ఉంది. నిజం చెప్పాలంటే, నోట్లో ఇంకో మాట లేకపోయింది.

"మరెవరు?"

"బయట వాడున్నాడేమో చూద్దామని ఎక్కినాను. వాడే లేకపోతే నేను ఎక్కేవాణ్ణే కాదు."

"అంటే పగలగొట్టింది నువ్వా?"

"వాడి వల్లే అయ్యగారూ."

"తొక్కిన కాలు ఎవరిది అబ్బయా?"

"కాలు నాదే. భయం మాత్రం వాడిది."

వెనక వరసలో ఎవరో నవ్వారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకు కాదు. అయ్యగారు బాయిలర్ వైపు తిరిగి, "చెయ్యని పని చేసినానని ఎందుకు చెప్పినావురా?" అన్నారు.

"ఆర్నెల్లు కాదనే చెప్పినాను గదా అయ్యగారూ" అన్నాడు వాడు. "ఎవురు నమ్మినారు? కాదన్న ప్రతిసారీ దెబ్బలు ఎక్కువైనయ్యి. ఈడ గూడా కాదంటే నన్ను ముంచరేమోనని."

ఫైర్‌మాన్ గారు తల వంచుకుని తన చేతులు చూసుకున్నారు. పెద్దలు ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. బాయిలర్‌కు అనుమతి ఇచ్చారు. నా భుజం మీద చెయ్యి వేసి అయ్యగారు, "ఇంకో ఏడాది ఆగు నాయనా, నీ పాపాలు ఇంకా నీ దగ్గరికి రాలేదు" అన్నారు.

ఆ ఆదివారం ఎద్దుబండ్లు కట్టుకుని సముద్రానికి పోయాం. రానన్నాను గానీ, తువ్వాళ్లు పట్టుకునే పని నాకు అప్పజెప్పి అమ్మ లాక్కుపోయింది. బాయిలర్ వంతు వచ్చింది. ముంచడం అయ్యగారి వల్ల అయింది గానీ లేపడం కాలేదు. పైగా ఒక అల వచ్చి ఇద్దరినీ కలిపి పడగొట్టింది. ఒడ్డున ఉన్న, చేపలు పట్టే పట్టపోళ్లు "వలెయ్యమంటారా సామీ" అని అడిగారు. చివరికి ఇద్దరు పెద్దలు చెరొక రెక్క పట్టి లాగారు. వాడు దగ్గుకుంటూ, ముక్కులో నుంచి సముద్రం కార్చుకుంటూ నా దగ్గరికి వచ్చి తువ్వాలు తీసుకున్నాడు.

"నా పాపాలన్నీ పోయినయ్యంట రా" అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "ఇంక నిన్ను కొట్టాలంటే మళ్లీ మొదటి నుంచి రావాల."

వాడి మొహం వెలిగిపోతోంది. వాళ్ల నాయన వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని, తన సొంత పంచె చెంగుతో వాడి తల తుడుస్తున్నాడు. అది చూస్తుంటే, వాడు మళ్లీ ఆ నీళ్లలో పడాలనీ, ఆ నాయన వాడి మీద కోప్పడాలనీ, వాడి బాప్తిస్మపు తెల్లబట్టలు చిరిగిపోవాలనీ అనిపించింది. ఇది ఎవరి వల్ల అని అలవాటుగా వెతికాను. బాయిలర్ నన్ను ఏమీ అనలేదు. ఏమీ లాక్కోలేదు. చుట్టూ చూస్తే ఇసక, పీతలు, నేను. ఆ అసూయ ఎవరూ పెట్టింది కాదు, అచ్చంగా నాది. పద్నాలుగేళ్లకు నాకంటూ ఒక సొంత పాపం దొరికింది. తిరుగు బండిలో దారంతా పాటలు పాడాను. ఇంత అవమానం జరిగాక వీడికి ఈ సంతోషం ఏమిటో మా అమ్మకు అంతు చిక్కలేదు.

ఇప్పుడు నాకు పాపాల కోసం వెతుక్కునే ఇబ్బంది లేదు, దేవుని దయ వల్ల చాలినన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి సిగ్గుపడతాను, కొన్నింటికి ఏడ్చాను. ఆ మొదటిదాన్ని తలుచుకుంటే మాత్రం, తువ్వాళ్ల మూట ఎత్తుకుని ఇసకలో వెర్రిగా నవ్వుతున్న ఆ పిల్లవాడు కనపడి, క్షమించమని అడగడం కూడా మరిచిపోతాను.