హేమావతి కొలత తప్పు కాదు

పన్నెండేళ్లు ఒక మాటను లోపలే మోశాను. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీకు చెబుతాను, ఏదీ దాచకుండా.

పలమనేరు దగ్గర మా ఊరివాళ్లంతా కలిసి బడిపిల్లల కోసం సైన్సు కేంద్రం పెట్టుకున్నాం. ఒకరు గది ఇచ్చారు, ఇంకొకరు బల్లలు చేసిచ్చారు. పాఠం చెప్పే పని నాది. సైన్సు సారు అంటే ఊరందరికీ గురి. అది నాకు బాగా తలకెక్కింది.

ఒక ఆదివారం తల్లిదండ్రులను పిలిచి ప్రయోగాలు చూపించాం. దూలానికి కట్టిన దారానికి ఇనుపగుండు వేలాడదీశాను. కొంచెం లాగి వదిలినా, ఎక్కువ లాగి వదిలినా పది ఊపులకు పట్టే సమయం ఒకటేనన్నాను. ఎనిమిదో తరగతి హేమావతి గడియారం పట్టుకుని లెక్కపెట్టింది. పాలకేంద్రంలో పనిచేసే వాళ్లమ్మ వెనక నిలబడి కూతుర్నే చూస్తోంది.

"ఒకటే కాదు సార్. బాగా దూరం లాగితే ఒక సెకను ఎక్కువ పడతా ఉండాది."

"లెక్క తప్పినావమ్మా."

"లేదు సార్, మూడుసార్లు సూసినా."

"పుస్తకం కంటే నీకు ఎక్కువ తెలుసునా? పోయి కూసో."

అందరూ నవ్వారు. ఏం చేయాలో తెలియక వాళ్లమ్మ కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కడినే వెళ్లి కొలిచాను. ఎందుకు వెళ్లాను? అనుమానం ఉండబట్టే కదా? ఆ పిల్ల చెప్పిందే నిజం. ఆ సూత్రం చిన్న ఊపులకే సరిపోతుందని పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యాన్ని నేను ఏనాడూ పట్టించుకోలేదు.

చెప్పేయొచ్చు. చెబితే కేంద్రం పరువు పోతుందనుకున్నాను. కేంద్రం పరువా, నాదా? నాదే. రెండు ఆదివారాలు హేమావతి వెనక బల్ల మీద కూర్చుంది, ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ తర్వాత రాలేదు. నేను పిలవనూ లేదు.

ఇప్పుడామె చిత్తూరులో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. నా వల్లే చదువు మానిందని అనను, అది నాకు తెలియదు. చూసింది చూసినట్టు చెప్పినందుకు ఆ పిల్లను నలుగురిలో సిగ్గుపడేలా చేశానని మాత్రం తెలుసు.

పోయిన వారం హేమావతికి ఫోను చేసి అంతా చెప్పాను.

"ఇంటికాడ మళ్లీ కొలిచినా సార్. నాదే కరెక్టు. మీకు తెలీదేమోలే అని ఇన్నేళ్లూ సరిపెట్టుకుంటి. తెలిసే దాచినారా?"

"తెలిసే దాచినాను."

ఫోను పెట్టేసింది. క్షమించమని నేను అడగలేదు, ఆమె క్షమించనూ లేదు. కానీ తెలిసే దాచినానని చెప్పేటప్పుడు ఏ సాకూ వెతుక్కోలేదు.