అమ్మ కాచిన ద్రాక్షరసం

మా చిన్నప్పుడు... ఖతార్‌లో గురువారం సాయంత్రమైతే ఇల్లంతా ఎండుద్రాక్ష వాసనే. అమ్మ వాటిని ఉడకబెట్టి, పిసికి, పాత పంచె గుడ్డలో వడగట్టేది. మర్నాడు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెతో పాటు ఇచ్చే ద్రాక్షరసం అదే మరి. వైన్ అక్కడెక్కడ దొరుకుతుంది!

తొంభైల్లో అక్కడ చర్చి కట్టడం అంటూ లేదు. అల్ వక్రాలో ఒక అద్దె విల్లా హాలే మా గుడి. శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన ఆ రోజే. పొద్దున మెథడిస్టులు, వాళ్ళు లేచాక ఆంగ్లికన్లు. అమ్మది జహీరాబాద్, మెథడిస్ట్. నాన్నది నంద్యాల, ఆంగ్లికన్. ఇంకేముంది... నాకూ తమ్ముడికీ డబుల్ డ్యూటీ! ఆకలికి ప్రాణం పోయేది.

నాన్న చాదస్తం మామూలుది కాదు. బిషప్పు గారు తలమీద చెయ్యిపెట్టి స్థిరపరిస్తేనే బల్లలో పాలు పొందాలనేవాడు. అమ్మకి అది జరగలేదు. అందుకని మొదటి ఆరాధనలో అమ్మ తీసుకునేది, నాన్న అది తన బల్ల కాదని బయటే నిలబడేవాడు. రెండోదాంట్లో నాన్న ముందుకెళ్ళేవాడు, అమ్మ కుర్చీలోనే ఉండేది. రసం కాచేది తను, మొగుడి పక్కన మోకరించే యోగం మాత్రం లేదు! నాకు నాన్న మీద ఒళ్ళు మండేది.

ఒకసారి విల్లా యజమాని గట్టిగా చెప్పేశాడు. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా వీధినిండా కార్లేనట. "ఒక్కసారే రండి, ఖలాస్" అన్నాడు. రెండు సంఘాలూ కలిసి కూర్చోక తప్పలేదు.

ఆ శుక్రవారం అమ్మ సంఘం వాళ్ళంతా లేచి బల్ల దగ్గరికి వెళ్తున్నారు. నలుగురిలో నాన్నతో మాట పడటం ఎందుకని అమ్మ మాత్రం కొంగు తలమీదికి లాక్కుని కూర్చునే ఉంది. నాన్న ముందుదాకా వెళ్ళి, మోకరించకుండా ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, ఆ వరసలో ఒక్కతే మిగిలిన అమ్మ వైపు చూశాడు. పాస్టరు అయ్యగారు రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డారు. వెనక లైనూ ఆగిపోయింది.

"రా సుగుణా" అన్నాడు నాన్న.

"నేను రాను. మీ బిషప్పు చెయ్యి నా మీద పడలే కద!" అంది అమ్మ, అందరికీ వినబడేలా.

"నువ్వొచ్చేదాకా నేను మోకాళ్ళూనేది లేదు. రా."

అమ్మ లేచింది. ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. అమ్మ ఏడ్చేసింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను...

ఇప్పుడక్కడ చర్చిలకి పెద్ద ఆవరణే ఉంది. ఎవరి హాలు వాళ్ళది, ఎవరి టైము వాళ్ళది. మంచిదే... కానీ ఎవరికోసమూ ఎవరూ ఆగాల్సిన పనిలేదు. మీ ఇంట్లో ఎవరైనా ఎవరికోసమైనా అలా ఆగారా? ఉంటే కింద రాయండి, చదవాలనుంది.