బీడీల కత్తెర

మూడో తరగతి పిల్లలతో కాగితం పూలు చేయిద్దామని నిన్న కంఠేశ్వర్ బజారులో రంగు కాగితాలు, గమ్ము కొన్నాను. ఎడపల్లి దగ్గర మా బడికి ఇలాంటివన్నీ నా జీతంలోంచే వస్తాయని పిల్లలకు కూడా తెలుసు. కత్తెర మాత్రం మరిచిపోయాను. పొద్దున ఆ మాట అనగానే క్లాసులో రూతు అనే పిల్ల తన ఇంటికి పరుగెత్తి ఒకటి పట్టుకొచ్చింది. క్లాసంతా దానితోనే పూలు కత్తిరించారు.

మధ్యాహ్నం రూతు వాళ్లమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది.

"మేడం, రాత్రి నానబెట్టిన ఆకు అట్లనే ఉన్నది. కత్తెర కోసం ఇల్లంత దేవులాడిన. ఇయ్యాల బీడీలు అయితయో లేవో."

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మకు చెప్పకుండా ఎందుకు తెచ్చావని రూతును అడిగాను.

"అన్ని మీరే కొంటున్నరు గద మేడం. కత్తెరన్న మాదుండనీ అనుకున్న."

తల్లి కత్తెర తీసుకుంది. దానికి అంటిన గమ్మును కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

రేపు కత్తెర కొంటాను. ఆమెకు పోయిన ఆ పూట ఏ దుకాణంలో దొరుకుతుందో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.