మిస్ ఆర్లీతా తెల్ల కవర్లు

ఆర్లీతా బోయ్‌కిన్ కారు ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటిమీద ఊరంతా కన్నేస్తుంది. ఈ సంగతి అందరికన్నా బాగా ఆర్లీతాకే తెలుసు. అందుకే ఎవరింటికి వెళ్లాలన్నా కారు రెండు వీధుల అవతల ఆపి, చేతిలో ఒక కేకు డబ్బా పట్టుకొని నడిచి వెళుతుంది. డబ్బాలో కేకు ఉండదు, కాగితాలుంటాయి. పన్నెండేళ్లుగా అదే డబ్బా. మూతమీది గులాబీలు సగం అరిగిపోయాయి. ఇంతమందికి కేకులు మోసే మనిషి ఒక్క ముక్కయినా తమకు రుచి చూపించలేదని బెనెట్స్ ఫెర్రీ ఊళ్లో చాలామందికి లోలోపల కినుక.

ఆవిడ పనిచేసేది ఊరి చివరి క్లినిక్‌లో. బోర్డుమీద "కుటుంబ ఆరోగ్య కేంద్రం" అని రాసుంటుంది గాని, అక్కడికి వెళ్లేది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లేనని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. దక్షిణ కరొలైనాలో చిన్న ఊళ్లకు గోడలుండవు, చెవులే ఉంటాయి.

ఈ ఉద్యోగానికి ఆవిడ చదువుకున్న చదువు వేరు. తండ్రి రాన్సమ్ బోయ్‌కిన్ మట్టిఖర్చు బీమా వసూలు చేసేవాడు. బతికున్నన్నాళ్లు వారం వారం కొంచెం కడితే, పోయినప్పుడు పెట్టె, పూలు, పాటలు అన్నీ కంపెనీ చూసుకునే బీమా అది. శనివారం వచ్చిందంటే తొమ్మిదేళ్ల ఆర్లీతా తండ్రి వెనకే గడప గడపా తిరిగేది. "ముందు తోట గురించి అడుగు. తరవాత తల్లి గురించి అడుగు. వాళ్లు పెట్టింది తిను. కాగితం మాత్రం లేచి నిలబడ్డాకే తియ్యి," అనేవాడు ఆయన. బడి వంటశాలలో గరిటె తిప్పిన ఇరవై ఏళ్లలో ఈ పాఠం అక్కరకు రాలేదు. నలభై ఆరో ఏట క్లినిక్‌లో చేరాక ప్రతిరోజూ వచ్చింది.

చేరిన నెలలోనే ఒక ఘోరం జరిగింది. క్లినిక్ పేరు అచ్చయిన కవరు ఒకామె ఇంటికి వెళ్లింది, మరిది విప్పి చూశాడు. ఆ ఆదివారం చర్చి భోజనాల దగ్గర ఆమె వడ్డించిన పళ్లెం ఎవరూ అందుకోలేదు. క్రిస్మస్ లోపే ఆమె ఊరు విడిచింది. ఆనాటి నుంచి ఆర్లీతా మామూలు తెల్ల కవర్లు సొంతంగా తెప్పించింది. పైన క్లినిక్ పేరుండదు, ముద్ర ఉండదు. గుర్తుగా స్టాంపు మాత్రం కాస్త వంకరగా అంటిస్తుంది. వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే పాఠం: "తెల్ల కవరు, వంకర స్టాంపు అయితే నాది. బొమ్మలున్న కవరు చెత్తబుట్టది."

చెప్పగా చెప్పగా అది పాటయింది. కొందరు రోగులు క్లినిక్ తలుపు తీస్తూనే రాగం తీసేవాళ్లు. ఆవిడ మూతి ముడుచుకునేది గాని, లోపల గర్వంగానే ఉండేది.

కొత్త ఆరోగ్య చట్టం వచ్చిన ఏడు ఆ గర్వమే ఆవిడ మెడకు చుట్టుకుంది.

అంతవరకు ఆవిడ మనుషులకు మందులు ఉచిత మందుల పథకం కింద రాష్ట్రమే ఇచ్చేది. ఇకమీదట వీలైనవాళ్లంతా ఆరోగ్య బీమాలోకి మారాలి. నెలనెలా కట్టాల్సింది పథకమే కడుతుంది. అందులో చేరగలిగినవాళ్లకు జనవరి నుంచి నేరుగా మందులు మాత్రం పంపదు. ఆర్లీతా జాబితాలో అలాంటివాళ్లు నలభైముగ్గురు. వాళ్లలో అందరికన్నా మొండిఘటం ఎజెల్ మెక్‌ఫాడెన్.

ఎజెల్‌కు అరవై ఒకటి. బడి బస్సులు బాగుచేసి రిటైరయ్యాడు. చర్చిలో పెద్దమనిషి. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. ఇంటి వెనక ఎకరంలో సగం తోట. పదిహేడేళ్లుగా నెలకో తెల్ల అట్టపెట్టె వస్తుంది, అందులోని మాత్రలు మింగుతాడు. ఈ సంగతి దేవుడికి, క్లినిక్‌కు తప్ప నరమానవుడికి తెలియదు.

అక్టోబరులో ఆర్లీతా కేకు డబ్బాతో ఆయన వసారా ఎక్కింది.

"కొలార్డ్ ఆకుకూర ఈసారి బాగా కాసినట్టుందే, బ్రదర్ ఎజెల్."

"ఆకు కాయదు, మిస్ ఆర్లీతా. ఎదుగుతుంది. మీ నాన్నయితే ఆ మాత్రం తెలుసుకొని వచ్చేవాడు."

ఆవిడ ఆ దెబ్బ మింగింది. వాళ్లమ్మ సమాధి దగ్గర గడ్డి గురించి అడిగింది. ఆయన పెట్టిన ఉడకబెట్టిన వేరుసెనగలు గుప్పెడు తింది. లేచి నిలబడి, అప్పుడు కాగితం తీసింది.

"అనుకున్నా. మీ నాన్న కూడా లేచాకే మొదలెట్టేవాడు," అన్నాడు ఎజెల్. "పెట్టె వస్తోంది, మాత్ర మింగుతున్నా. మధ్యలో ఈ కంపెనీ ఎందుకు?"

"మీ ఎడమ మోకాలు ఎలా ఉంది?"

"ఉంది. మెట్లెక్కేటప్పుడు నా కన్నా ముందు అదే ఏడుస్తుంది."

"ఆ పథకం మీ రక్తాన్నే చూస్తుంది బ్రదర్, మోకాలిని చూడదు. మోకాలికి కూడా హెచ్‌ఐవీ వస్తే తప్ప ఎవరూ పట్టించుకోరు. బీమా అయితే నిలువెత్తు మనిషినీ చూస్తుంది."

ఎజెల్ నవ్వలేదు గాని మీసం కదిలింది. "కంపెనీ వాళ్లు నా జబ్బు పేరు పెద్దక్షరాలతో రాసి ఇంటికి పంపితే?"

"పంపరు."

"మీరు దగ్గరుండి చూస్తారా?"

"ఇన్నేళ్లలో నా వల్ల మీ పేరు బయటికి వచ్చిందా?"

ఎజెల్ కలం అందుకున్నాడు. సంతకం పెట్టాడు. ఆర్లీతా మెట్లు దిగుతూ, తండ్రి ఉంటే వీపు తట్టేవాడనుకుంది.

కంపెనీ నుంచి మొదటి బిల్లు రాగానే తెచ్చి తనకివ్వమని అందరికీ చెప్పింది. దానిమీది ఖాతా అంకె పంపితేనే పథకం డబ్బు కడుతుంది. డిసెంబరు ముప్పై ఒకటి లోపు మొదటి వాయిదా ముట్టకపోతే బీమా రద్దు. డిసెంబరు పద్దెనిమిది నాటికి నలభైరెండు బిల్లులు వచ్చాయి. ఎజెల్‌ది రాలేదు. ఆయన ఇంట్లో మాత్రలు జనవరి తొమ్మిది దాకానే ఉన్నాయి. కొన్నాళ్లు ఆపితే ఆ రోగం మందుకు లొంగడం మానేస్తుందని ఆవిడకు తెలుసు. పదిహేడేళ్లు అణిగిమణిగి ఉన్నది ఒక్క నెలలో పడగ విప్పుతుంది.

ఆర్లీతా ఎజెల్‌ను క్లినిక్‌కు పిలిపించింది, ఇద్దరూ కలిసి కంపెనీకి ఫోన్ చేశారు. గంటన్నర సంగీతం వినిపించారు. చివరికి ఒకమ్మాయి, ఆ ఏడు కొత్తగా చేరినవాళ్ల వివరాలు తమకింకా కనిపించడం లేదని, రెండో బిల్లు పది పనిదినాల్లో పోస్టులో పంపుతామని తియ్యగా చెప్పింది. పది పనిదినాలంటే జనవరి.

"అసలు మొదటిది రానేలేదా, బ్రదర్? కంపెనీ కవరు. నీలంగా ఉంటుంది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వే కుటుంబం బొమ్మ ఉంటుంది."

ఎజెల్ ముఖం మారింది. "బొమ్మలున్న కవరా?"

"అవును."

"బొమ్మలున్న కవరు చెత్తబుట్టది," అన్నాడు ఆయన నెమ్మదిగా, ఆవిడ రాగంలోనే.

ఆర్లీతాకు అప్పుడు తట్టింది. బిల్లు తెమ్మని నలభైముగ్గురికీ చెప్పింది. బిల్లు ఎలాంటి కవరులో వస్తుందో చెప్పడం మరిచింది. మిగతావాళ్లంతా అదృష్టం బాగుండి ఆవిడ మాట ఎప్పుడూ సరిగా వినని రకం. ఈయన ఒక్కడే చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

"పారేశారా?"

"పారేయడమేమిటి, మంచి కాగితం! నిగనిగలాడే కవర్లకు తేమ పట్టదు. చివర కత్తిరించి విత్తనాలు పోస్తాను. లోపలి కాగితం తియ్యను. అది చెమ్మ పీలుస్తుంది."

ఎజెల్ బెండ విత్తనాలంటే ఆ చర్చిలో ప్రసాదంతో సమానం. ఏటా క్రిస్మస్ నెలలో ఒక ఆదివారం పంచుతాడు. మొన్న ఆదివారమే పంచాడు.

"నీలం కవరు ఎవరికిచ్చారు?"

"సిస్టర్ వెర్డీకి."

వెర్డీ గ్యాడ్స్‌డెన్ చర్చి వంటింటికి రాణి. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెడుతుంది, లెక్క నలుగురికీ చెబుతుంది.

"వెళ్లి అడగండి," అంది ఆర్లీతా.

"అడగను."

"దాన్లో మీ జబ్బు పేరు లేదు, బ్రదర్. ఉత్త బిల్లు. ఈ ఏడు ఊళ్లో సగం మందికి అవే కవర్లు వచ్చాయి."

"మీరు విప్పి చూశారా?"

"నలభైరెండు చూశాను."

"నాది చూడలేదుగా! పదిహేడేళ్లు, మిస్ ఆర్లీతా. ఆమె చేతి చేప తినని ఆదివారం లేదు నాకు. రేపు ఆమె నా పళ్లెంలో దూరం నుంచి పడేస్తే, ఈ మాత్రలు మింగి నేనేం చేసుకోను?"

ఊరు విడిచిన ఆమె పళ్లెం ఆర్లీతా కళ్లముందు మెదిలింది. ఇన్నేళ్లూ రోగుల భయాన్ని తాను కాపలా కాస్తున్నాననుకుంది. తెల్ల కవర్లతో దానికి రోజూ నీళ్లు కూడా పోసిందేమో.

"పదండి, నేనూ వస్తాను. కారులో కూర్చుంటాను," అంది.

చర్చి వెనక, పెద్ద చెత్తడబ్బా చాటున కారు ఆపింది. ఎజెల్ దిగి, టోపీ సర్దుకొని, బోనుకు నడిచే ఖైదీలా వంటింటి తలుపు వైపు వెళ్లాడు. ఆర్లీతా సీటులో కిందికి జారి, తల కనిపించకుండా కేకు డబ్బా అడ్డం పెట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ల భారీ మనిషి చిన్న కారులో దాక్కోవడం ఎలా ఉంటుందంటే, గుమ్మడికాయ చెంబులో దాక్కున్నట్టు.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. కారు అద్దంమీద ఎవరో టకటక కొట్టారు.

"ఆర్లీతా! ఆ కేకు ఈసారైనా పెడతావా, లేక దానికి ప్రాణవాయువు ఎక్కిస్తున్నావా?"

వెర్డీ. చేతులకు మోచేతుల దాకా మొక్కజొన్న పిండి. ఆ చేతుల్లో నీలం కవరు. వెనక ఎజెల్, టోపీ తీసి గుండెకు ఆనించుకొని.

ఆర్లీతా అద్దం దించింది.

"ఈయన విత్తనాల్లోంచి బిల్లు పడింది," అంది వెర్డీ. "మూడు రోజులుగా చూస్తున్నా, బెండకాయకు బీమా ఎప్పటినుంచి కట్టించుకుంటున్నారా అని. ఆదివారం పదిమందిలో అడిగి పరువు తీద్దామనుకున్నా. ఈయనేమో ఇప్పుడే వచ్చి, పెళ్లి మాటలకొచ్చినవాడిలా చెమటలు కక్కుతున్నాడు."

"చదివావా?" అంది ఆర్లీతా.

"చదవక? నాలుగుసార్లు చదివా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు." వెర్డీ గొంతు కాస్త తగ్గింది. "నాకూ ఇలాంటిదే వచ్చింది. చర్చి ఆఫీసులో పిల్లెవరో కంప్యూటర్లో నా పేరు ఎక్కించింది. ఆరేళ్లుగా నాకు బీమా లేదు, ఆర్లీతా. గుండె దడదడలాడితే కొళాయి తిప్పి నీళ్లు తాగుతున్నా, అంతే. ఇది కట్టాలా, మానాలా, ఎక్కడ కట్టాలి? అడగడానికి నామోషీ. ఊరందరికీ సలహాలిచ్చేదాన్నాయె."

ఎజెల్ టోపీ గుండెమీంచి మెల్లగా కిందికి దిగింది.

ఆర్లీతా కారు దిగింది. పన్నెండేళ్లలో మొదటిసారి, పట్టపగలు, చర్చి ముందు తలుపు గుండా లోపలికి నడిచింది. వంటింటి బల్లమీద పిండి తుడిచి, వెర్డీ తన చేతిసంచీలోంచి తీసిచ్చిన దానితో కలిపి రెండు నీలం కవర్లూ పక్కపక్కన పరిచింది. అచ్చం ఒకేలా ఉన్నాయి, అవే పళ్లు, అదే కుటుంబం. ఎజెల్ రెంటినీ మార్చి మార్చి పై నుంచి కింది దాకా, వెనకవైపు సన్నక్షరాలతో సహా చదివాడు. పేరు, అంకె, తేదీ. ఇంకేమీ లేదు.

"ఏం వెతుకుతున్నావు, బ్రదర్? నా వయసా?" అంది వెర్డీ. "దాన్లో రాయలేదులే, ముందే చూసుకున్నా." జవాబు కోసం ఆగకుండా వేడి చేపముక్క తన చేత్తో తీసి ఆయన పళ్లెంలో పెట్టింది. "తిను. నువ్వు కూడా, ఆర్లీతా. మీ నాన్న మా ఇంట్లో పెట్టింది తినకుండా ఏనాడూ కాగితం తియ్యలేదు."

ఆమెకు ఏం తెలుసో, ఎంత తెలుసో ఆర్లీతా అడగలేదు. కొన్ని లెక్కలు వెర్డీ కూడా నలుగురికీ చెప్పకుండా దాచుకుంటుందని ఆ మధ్యాహ్నం మొదటిసారి తోచింది. వెర్డీ బిల్లు ఎక్కడ, ఎలా కట్టాలో దగ్గరుండి చూపించింది. ఎజెల్ బిల్లు సాయంత్రం లోపలే రాష్ట్రం ఆఫీసుకు వెళ్లింది. దానితోపాటు రెండు బెండ గింజలు కూడా క్లినిక్ స్కానింగ్ యంత్రంలోకి వెళ్లాయి. యంత్రం బాగవడానికి వారం పట్టింది.

జనవరి ఆరున ఎజెల్ క్లినిక్‌కు వచ్చాడు. తోట గురించి అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు.

"మందుల షాపులో నా పేరు గట్టిగా పిలిచారు, మిస్ ఆర్లీతా. ‘మెక్‌ఫాడెన్!’ అని. పదిహేడేళ్లు పెట్టెలో తెచ్చుకున్నవాణ్ని, ఎవర్నబ్బా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక వరసలో సిస్టర్ వెర్డీ. ‘నువ్వే బ్రదర్, కదులు, నా గుండె మాత్రలు చల్లారిపోతున్నాయి’ అంది."

"మీరేమన్నారు?"

"కదిలాను." ఆయన చేతిలోని కాగితం సంచీ బల్లమీద పెట్టాడు. "అందరికీ ఇచ్చే సంచీలోనే ఇచ్చారు."

ఆర్లీతా పాఠం మార్చింది. "బొమ్మలున్న కవరు కూడా నా దగ్గరికే తెండి" అని అందరికీ చెప్పింది. చెప్పిన మాట వినని ఆ నలభైరెండుమందీ ఈసారి మాత్రం తు.చ. తప్పకుండా విన్నారు. ఫిబ్రవరి నాటికి ఆవిడ బల్లమీద పిజ్జా కూపన్లు, పరుపుల ప్రకటనలు, మట్టిఖర్చు బీమా కరపత్రాలు కొండలా పేరుకున్నాయి. ఆవిడ తిట్టుకుంటూ ఒక్కొక్కటీ విప్పి చూస్తుంది. కారు మాత్రం ఇప్పుడు వెర్డీ ఇంటి ముందే ఆపుతోంది. బీమా కాగితాలు అర్థంకాని వాళ్లంతా అక్కడికే వస్తారు. ఎవరు ఏ కాగితం కోసం వచ్చారో ఎవరికీ తెలియదు. కేకు డబ్బాలో మాత్రం, ఊరి ఒత్తిడి తట్టుకోలేక, ఇప్పుడు నిజంగానే కేకు ఉంటోంది.