ఏ మొన్న?

నిన్నకు ముందు రోజునే మొన్న అంటారని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మాది కాకినాడ. మా ఇంట్లో మొన్న అంటే మొన్నే. ఇంకాస్త వెనక్కి వెళ్ళాలంటే ‘మొన్నామధ్య’ ఉంది, అదీ చాలకపోతే ‘ఆ మధ్యెప్పుడో’ ఉంది. ఇంజినీరింగ్ చదివాక ఈ కొలతల జబ్బు ఇంకా ముదిరింది. అశోక్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని పోటీ పరీక్షలకు తయారవుతూ, పుస్తకాల కంటే టైమ్‌టేబుల్ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేవాణ్ణి (అద్భుతమైన టైమ్‌టేబుల్, రంగులు కూడా వేశాను; చదవడానికే అందులో చోటు మిగల్లేదు). అలాంటప్పుడు దొరికింది ఆ ఉద్యోగం. ఊళ్ళో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ పోటీలు కొత్తగా మొదలయ్యాయి. ఒక జట్టులో మొట్టమొదటిసారి జీతానికి ఆడబోయే కుర్రాళ్ళను గమనించి, ఎవరు పనికొస్తారో చెప్పాలి. నేనెన్నడూ బాస్కెట్‌బాల్ ఆడలేదు. బంతి నావైపు వస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి. అయినా ఆటగాళ్ళను ఏమేం అడగాలో గళ్ళు గీసి నేను తయారుచేసిన పట్టిక చూసి సేఠ్ ముచ్చటపడ్డాడు. సేఠ్ అంటే జట్టు యజమాని, సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం ఉంది. “చీర పట్టుకుంటే మంచిదో కాదో చెప్త. పోరగాండ్ల సంగతి నాకు తెల్వదు. అది నువ్వు జూస్కో” అన్నాడు.

కోచ్‌ని అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. పొద్దున్నే చిక్కడపల్లిలో ఇడ్లీ తింటూ ఆట పాఠాలు చెప్పేవాడు. “మొన్న నేను స్టేట్‌కు ఆడినప్పుడు గిట్ల గాలిల ఎగిరి...” అంటూ ఆయన లేచి చూపించబోతే ముందు ఆయన బొజ్జ లేచేది, ఆ వెనక సాంబారు గిన్నె లేచేది. నిన్నకు ముందు రోజు ఈయన ఏ స్టేట్‌కి ఆడాడా అని నేను ఆశ్చర్యపోయి, పెద్దాయన కదా, కోతలు సహజమేలే అని క్షమించేవాణ్ణి.

కుర్రాళ్ళలో ఒకణ్ణి పొడుగు చూసి లంబు అని పిలిచేవారు. పాలమూరు వైపు నుంచి వలస వచ్చి కవాడిగూడ బస్తీలో అక్కా బావల దగ్గర ఉండేవాడు. బావది టైల్స్ పని. లంబు నిచ్చెన అవసరం లేకుండా గోడ పైవరుస టైల్స్ అతికించగలడని బావకి అతని మీద మహా ఆశ. జట్టులో ఒక్క ఖాళీయే మిగిలింది. నారాయణగూడలో ఆ సాయంత్రం జరగబోయే మ్యాచ్ అయ్యాక సేఠ్ అవునంటే లంబుకి కాంట్రాక్టు, కాదంటే తెల్లారి టైల్స్. సేఠ్ దుకాణం వదిలి రాడు కాబట్టి, ఆ అవును, కాదు నా నోటి నుంచే రావాలి.

మ్యాచ్‌కి ముందు నా పట్టిక ప్రకారం అడిగాను. “పెద్ద దెబ్బలేమైనా తగిలాయా?”

“ఆఁ, మోకాలు పోయింది సార్. పట్టీ గూడ కట్టిన్రు.”

“ఎప్పుడు?”

“మొన్న.”

పట్టికలో రెండు రోజుల కిందటి తేదీ వేసుకున్నాను. “మరి ఎలా ఆడతావయ్యా?”

“గదేంగాదు సార్, లైట్ తీస్కోర్రి” అని నవ్వుతూ వెళ్ళాడు. వెళ్తూ కుంటాడు! నేను ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తి, లంబు మోకాలి సంగతి తెలుసా అని అడిగాను. “తెల్సు తెల్సు. మొన్న గద! పోరడు మస్తు గట్టోడు” అని ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఎంత కఠినాత్ముడు! ఈ ఊళ్ళో ఆ బిడ్డకి దిక్కు నేనొక్కణ్ణే అనిపించింది. సగం ఆట అయ్యాక సేఠ్‌కి మెసేజ్ పెట్టాను. ‘మోకాలికి గాయమై రెండు రోజులే అయింది. తీసుకుంటే ప్రమాదం.’

ఆ తర్వాత నేను చూసింది ఆట కాదు, ఒక విషాదం. లంబు ఎగిరి బంతి అందుకుంటే జనం ఈలలు వేస్తున్నారు, నేను మాత్రం అతని మోకాలి చిప్పనే చూస్తున్నాను. అతను బాస్కెట్ వేసినప్పుడల్లా నాకు కళ్ళు చెమర్చాయి. స్కోరు సమానంగా ఉంది, ఆట కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. అప్పుడు లంబు బంతి కోసం దూకి నేలమీద వెల్లకిలా పడ్డాడు. మరుక్షణం నేను ఐసు సంచీతో కోర్టు మధ్యలో ఉన్నాను. ఆట ఇంకా ఆగలేదని నాకు తెలియదు. ఎవరో విసిరిన బంతి నా వీపుకి తగిలాక తెలిసింది (అలవాటు ప్రకారం కళ్ళు మూసుకునే ఉన్నాను). రిఫరీ విజిల్ వేసి, మా బెంచీ మనిషి లోపలికి వచ్చినందుకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. అవతలివాళ్ళకి ఒక ఫ్రీ త్రో దక్కింది. అది పడింది. ఆ ఒక్క పాయింటుతోనే ఓడిపోయాం.

“ఏందివయా! పిస్స లేసిందా?” అని ఉస్తాద్ విజిల్ నేలకేసి కొట్టాడు.

“మోకాలు పోయిన పిల్లాణ్ణి ఆడించడానికి మీకు మనసెలా వచ్చింది?” అని నేనూ అరిచాను.

అంతలో గ్యాలరీ నుంచి లంబు వాళ్ళ అక్క దిగొచ్చింది. “ఎవడాడు, మా తమ్మునికి మోకాలు పోయిందన్నోడు?”

“మొన్నే పోయిందని వాడే చెప్పాడమ్మా.”

“అయ్యో నీ పాడుగాను! అది మొన్న, ఐదో తరగతిల, సీతాఫలం చెట్టు మీదికెల్లి పడ్డప్పుడు!”

“మరి ఇందాక కుంటాడేం?”

“బూట్లు బిర్రుగున్నయి సార్. నా సైజు యాడ దొర్కుతలేదు” అన్నాడు లంబు.

“ఐదో తరగతి మొన్న ఎలా అవుతుంది?”

“మొన్ననే గద సార్” అన్నాడు లంబు అమాయకంగా. “మొన్ననే గదవయా” అన్నాడు ఉస్తాద్. ఆయన స్టేట్‌కి ఆడిన మొన్న నాకప్పుడు అర్థమైంది.

ఫోన్ చేస్తే సేఠ్ అప్పటికే ఇంకొకరికి కబురు పెట్టబోతున్నాడు. జరిగిందంతా చెప్పాను. లంబు బూట్లు విప్పేసి, చెప్పుల్లేకుండా పక్కనే నిలబడి, నా ముఖంలో తన భవిష్యత్తు చదువుకుంటున్నాడు. అవతలి నుంచి పెద్ద నవ్వు. “మొన్న అంటే సరిపోతదా బాబూ? మొన్ననే నాకు పెండ్లయింది. మొన్ననే మనుమడు పుట్టిండు. ఏ మొన్న అని అడగాలె గద! పోరణ్ణి రేపు దుకాణానికి తోల్కరా, కాగితం మీద సంతకం వెడ్దాం. వస్తవస్త వాని కాలి కొలత గూడ పట్కరా.” అక్క తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా వైపు మాత్రం చూడలేదు.

ఆ రాత్రే నా పట్టికలో ‘ఎప్పుడు?’ పక్కన ఇంకో గడి చేర్చాను: ‘ఏ మొన్న?’

లంబు ఇప్పుడు మా జట్టు కెప్టెన్. ఉస్తాద్ రిటైరై, చిక్కడపల్లిలో అదే బల్ల దగ్గర ఇడ్లీ తింటూ తన మొన్నటి కథలే చెబుతుంటాడు. పోటీ పరీక్షలు నా కోసం ఆగలేదు, నేనూ వాటి కోసం ఆగలేదు. ఈమధ్య నాకు సహాయంగా రాజమండ్రి నుంచి ఒక కుర్రాడు చేరాడు. బుద్ధిమంతుడు, నాకంటే రంగురంగుల పట్టిక వేస్తాడు. వివరాలు నింపుకుంటూ అడిగాడు. “సర్, మీరు ఈ ఉద్యోగంలో ఎప్పుడు చేరారు?”

“మొన్ననే” అన్నాను. అన్నాక గానీ ఆ మాట నాకే వినిపించలేదు.

అతను క్యాలెండర్‌లో రెండు రోజులు వెనక్కి లెక్కపెట్టి, సోమవారం తేదీ శ్రద్ధగా వేసుకున్నాడు. దిద్దుదామనుకున్నాను. కానీ అశోక్‌నగర్ గది గోడమీది టైమ్‌టేబుల్, వీపుకి తగిలిన బంతి, చెప్పుల్లేకుండా నిలబడ్డ లంబు గుర్తొచ్చి, అతను వేసిన తేదీ అంత తప్పేమీ కాదనిపించి ఊరుకున్నాను.