కాక కట్టిన నల్లకట్ట

మా కాక పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను గోదావరిఖనిలో మా కాలనీ నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందె పట్టుకుని వరుసలో ఉన్నాను. ఫోన్‌లో చిన్నమ్మ. "మీ కాక ఇగ లేడు బిడ్డా. దవాఖానలనే పానం పోయింది. జల్ది రా," అన్నది. ఏడవలేదు. ఆమె ఏడవకపోతేనే నాకు భయం. బిందె పక్కింటామె చేతిలో పెట్టి, మా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా కూడా ఆగకుండా ఊరికి బస్సెక్కాను. రాష్ట్రం వచ్చే రోజులవి. దారి పొడుగునా జెండాలు కడుతున్నారు, మైకుల్లో పాటలు పెడుతున్నారు. ఇంకొన్నాళ్లుండి ఇది కూడా చూసిపోతే ఏం పోయేది ముసలోడా అని బస్సులో కూర్చుని ఆయన్నే తిట్టుకున్నాను.

మా నాన్నకు తమ్ముడాయన. భూమి లోపలి గనిలో సర్దారుగా పనిచేశాడు. షిఫ్టు వాళ్లు గనిలోకి దిగేముందు చేతిలో దీపం పట్టుకుని అందరికంటే ముందు లోపలికి పోయి, గాలి ఆడుతోందా, గ్యాసు ఉందా, బొగ్గు ఎక్కడైనా తనంతట తానే వేడెక్కుతోందా అని చూసి వచ్చే మనిషి సర్దారు. ఆయన సరే అంటేనే మిగతావాళ్లు కదలాలి. ఆ అలవాటు ఆయన్ని ఇంట్లో కూడా వదల్లేదు. ఎవరింటికి పోయినా గడపలో ఆగి, ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఆ తర్వాతే లోపలికి అడుగుపెట్టేవాడు. "సుట్టాలింటికి వొయ్యి గట్ల వాసన జూస్తే ఏమనుకుంటరయ్యా," అని చిన్నమ్మ తల కొట్టుకునేది. మా క్వార్టర్‌కు వచ్చినప్పుడు మాత్రం దాంతో నాకు లాభమే. కబుర్లలో పడి నేను మరిచిపోయిన పప్పు మాడకముందే, "పొయ్యి జూస్కో బిడ్డా" అని బయటి నుంచే కేకేసేవాడు.

లోపల నిప్పు పుట్టేముందు చెమట వాసన వస్తుందని చెప్పేవాడు. మనిషి చెమటలాగే ఉంటుందట. పొగ కనిపించిందంటే అప్పటికే పని చేయి దాటిపోయినట్టట. మా పొయ్యి ఆర్పి బూడిద పారబోయబోతుంటే కూడా ఊరుకునేవాడు కాదు. "నిప్పు ఆరిందనకు. పండుకున్నదను," అనేవాడు. ఆయనకు భయమెక్కువని మేం నవ్వుకునేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటాక ఉద్యోగం నుంచి దిగి రామగిరి గుట్టల దిక్కున ఉన్న మా ఊరికి వచ్చేశాడు. అప్పటికి ఊళ్లో బావులు అడుగంటాయి. బోర్లు వేస్తే దుమ్ము లేచేది. మిగిలింది గుట్ట కింది కుంట ఒక్కటే. మనుషులకూ పశువులకూ అదే దిక్కు. గుట్ట మీద పడ్డ వానంతా కుంట పక్క నుంచి జారి వాగులో కలిసిపోయేది. పైన అడవేమో ఏటా ఎండాకాలం కాలేది. ఇప్పపూలు ఏరుకునేవాళ్లు పూలు కనబడాలని చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. బీడీలకు తునికాకు కోసేవాళ్లు కొత్త చిగురు రావాలని పొదలు కాలుస్తారు. పెట్టినవాళ్లు ఇంటికి పోతారు, మంట గుట్ట ఎక్కుతుంది. ఇదంతా మాకు కొత్త కాదు. గుట్ట మీద మంటల వరుస చూస్తూ వాకిట్లో అన్నాలు తిన్నవాళ్లమే అందరం.

కాక ఊరుకోలేకపోయాడు. గుట్ట నుంచి కుంట దాకా ఒక కట్ట వేద్దామన్నాడు. వానాకాలం గుట్ట నీళ్లను కుంటలోకి మళ్లిస్తుంది, ఎండాకాలం మంటను దాటనివ్వదు. ఊళ్లో అడవి పనులూ కుంట పనులూ చూసేది మా అక్క భర్త, మా బావ. ఆయనకూ ఈ మాట నచ్చింది. మట్టి కోసం ఎక్కడా తవ్వనక్కర్లేదని కూడా కాకే అన్నాడు. ఆ పక్కనే గని మట్టి తోలే టిప్పర్లు తిరిగేవి. అడిగితే డ్రైవర్లు కొన్ని బండ్లు ఇటు తిప్పి పోశారు. అందులో సగం బొగ్గు పొరల మధ్య వచ్చే నల్లరాయి.

"గిది మండదా మామా?" అని బావ అడిగాడు. కాక ఒక రాయి తీసుకుపోయి చిన్నమ్మ పొయ్యిలో పెట్టాడు. అన్నం ఉడికింది, కూర ఉడికింది, రాయి అట్లాగే ఉంది. "గిది సచ్చిన రాయి అల్లుడా. బొగ్గుల కలిస్తే మాకు తిట్లువడేటియి దీనితోని," అన్నాడు. బొగ్గులో నుంచి రాయి ఏరిపారేయించడంలోనే ఆయన కొలువు సగం గడిచింది. పారేసింది మండదని అనుకున్నాడు. బొగ్గు తెలిసినవాడు కాబట్టే ఆ తప్పు చేశాడు. కుప్పగా పోస్తే, లోపల గాలి ఆడితే, ఆ రాయిలో ఉన్న కాస్త బొగ్గే చాలు. గనిలో అది ఆయనకు తెలుసు. ఊళ్లోకి వచ్చాక మరిచిపోయాడు.

ఆ వానాకాలం కుంట నిండింది. నాకు ఊహ తెలిశాక అంత నిండుగా చూడలేదు. ఆడవాళ్లు కాకను ఆపి మరీ దండం పెట్టారు. ఎండాకాలం ఇప్పపూల మంట గుట్ట దిగి వచ్చి కట్ట దగ్గర ఆగిపోయింది. ఊరంతా పోయి చూసింది. కాక ఆ రోజు కల్లు తాగి, చిన్నమ్మ ముందు మీసం తిప్పాడు. ఆమె చాటుకు పోయి నవ్వింది.

కొన్నాళ్లకు నేను ఊరికి పోతే, పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కట్ట మీదికి తీసుకుపోయాడు. నడుస్తూ నడుస్తూ ఆగాడు. ముక్కు ఎత్తాడు. వంగి, అరచేతిని తిప్పి దాని వెనక భాగం రాళ్లకు ఆనించాడు. నాకు పొగా కనిపించలేదు, మంటా కనిపించలేదు. ఆయన మాత్రం అక్కడే కూలబడ్డాడు. "సచ్చిన రాయన్న గదా బిడ్డా," అన్నాడు.

సంగతి తెలిసి ఊరంతా బిందెలతో పరుగెత్తింది. నీళ్లకు పగుళ్లు తెరుచుకుని గాలి ఇంకా లోపలికి పోతుంది, వద్దని కాక అరుస్తూనే ఉన్నాడు. ఎవరు వింటారు. కుంటలో మిగిలిన నీళ్లన్నీ తోడి పోశారు. కట్ట బుస్సుమన్నది, ఆవిరి లేచింది, ఆరిపోయిందని చప్పట్లు కొట్టారు. వారం తిరక్కముందే కట్ట సందుల్లోంచి పొగ వచ్చింది. కుంట ఎండిపోయింది. వానలు పడేదాకా ట్యాంకర్ నీళ్లు తాగారు. తిట్లు మాత్రం కాకకే.

వానలు పడి కుంట మళ్లీ నిండాక, కట్ట మీదే మాటామాటా పెరిగింది.

"కట్ట తవ్వి పారబొయ్యాలె. ఇంకో మందు లేదు," అన్నాడు కాక.

"తవ్వితే నీళ్లెట్ల నిలుస్తయి మామా? మొన్న ట్యాంకర్ నీళ్లు తాగింది యాదికి లేదా?" అన్నాడు బావ.

"నీళ్లు మల్ల వస్తయి. అడివి వోతే రాదు."

"నువ్వే కట్టిపిస్తివి, నువ్వే తవ్వుమంటివి. పిల్లలకు ఏం తాపాలె, గది చెప్పు."

బావ మీద నాకు కోపం వచ్చింది గానీ, ఆయన అన్నది అబద్ధం కాదు. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లెవరూ కాక పక్కన నిలబడలేదు.

చివరికి గనిలో చేసే పనే చేశాడు. లోపల నిప్పు పట్టిన చోటును ఆర్పలేకపోతే, మట్టితో గోడ కట్టి గాలి అందకుండా మూసేస్తారు. కట్ట నడిమిన అడ్డంగా తెగ్గొట్టి, ఆ సందులో కుంట అడుగు నుంచి తీసిన బంకమట్టి కూరాడు. గుట్ట వైపు సగంలో నిప్పు. కుంట వైపు సగం బాగుంది. ఆ బాగున్న సగానికి ఆనుకునే ఇప్పచెట్లు, వాటి వెనకే కట్ట వల్ల కాలకుండా మిగిలిన అడవి. మట్టి గోడ నిలిస్తే అన్నీ నిలుస్తాయి. గోడ ఒక్కటే చాలదు. ఏటా వానలకు ముందు, కాలే సగం మీద పడ్డ పగుళ్లన్నిటికీ మట్టి మెత్తాలి. మొదట్లో ఊరివాళ్లు వచ్చేవారు. కుంట నిండుతోంది, పొగ సన్నగానే ఉంది, మెల్లగా రావడం మానేశారు. ఆ తర్వాత కాక మెత్తేవాడు, చిన్నమ్మ తట్టలు మోసేది. "పెండ్లినాడు పసుపు గూడ గింత పూయలే నాకు, కట్టకు పూస్తుండు," అని ఆమె నాతో అనేది. చెప్పి నవ్వేది గానీ, తట్ట దించినప్పుడు నడుము నిలిచేది కాదు.

కరువు దేశంలో అందరూ వాన కోసం మొక్కితే, వానకు భయపడ్డవాడు మా కాక ఒక్కడే. వానకు కట్ట కోసుకుపోతుంది, పగుళ్లు తెరుచుకుంటాయి, గాలి లోపలికి పోతుంది. మబ్బు పడితే ఇంట్లో కూర్చోలేకపోయేవాడు. ఈ ఎండాకాలం ఊపిరి అందక మంచం పట్టాడు. మట్టి మెత్తడం జరగలేదు. పోయేముందు రాత్రంతా దవాఖానలో "వాన వడ్డదా?" అనే అడిగాడట. పక్క మంచం వాళ్లు, రైతు గదా పాపం, వాన కోసం చూస్తున్నాడని చిన్నమ్మతో అన్నారట. ఆమె ఏం చెబుతుంది. తలూపిందట.

పిల్లల్లేరు. మా తమ్ముడే తలకొరివి పెట్టాడు. పెద్దకర్మ ముందురోజు ఆ యేటి మొదటి వాన దంచి కొట్టింది. మర్నాడు పిట్టకు పెట్టడానికి కుంట దగ్గరికి పోయాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. ముట్టకపోతే వాళ్లకు తీరని కోరికేదో ఉన్నట్టు. చిన్నమ్మ విస్తరిని కట్ట మీద పెట్టించింది. మట్టి గోడకు ఇవతల, బాగున్న సగం మీద, రోజూ సాయంత్రం ఆయన కూర్చునే చోట. రాత్రి వానకు నేలంతా తడిసి ఉంది. ఆ చోటు పొడిగా ఉండటంతో అక్కడ పెట్టడం సులువైంది కూడా.

కాకి వచ్చింది. మోదుగ కొమ్మ మీద వాలింది గానీ దిగలేదు. మొదట తమ్ముడు, "చిన్నమ్మను మంచిగ అర్సుకుంట కాకా," అన్నాడు. దిగలేదు. ఎవరో కల్లు చిలకరించారు. దిగలేదు. అందరూ బావ వైపు చూశారు. బావ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "మామా, నువ్వన్నట్టే కట్ట తవ్వుతం. నీళ్లకు ఏదో ఒకటి జేస్తం. నేనే ముందట వడత," అన్నాడు. ఆ మాట కాక బతికుండగా అంటే ఎంత బాగుండేదో అని నాకు ఏడుపు ఆగలేదు.

కాకి దిగింది. విస్తరి పక్కన కాళ్లు ఆనించింది, వెంటనే ఎగిరి మళ్లీ కొమ్మ మీదికి పోయింది. ఇంకా ఏదో కోరిక ఉన్నట్టుందని ఎవరో గొణిగారు. విస్తరి జరిపి పెడదామని చిన్నమ్మ పోయి చేయి వేసింది, చటుక్కున తీసేసింది. కొంగు చుట్టుకుని విస్తరిని ఎత్తింది. కింది ఆకు ఎర్రగా కాలి ఉంది. ఆకు లేచిన చోట రాళ్ల సందులోంచి సన్నగా పొగ వచ్చింది.

"నిప్పు గోడ దాటింది," అన్నది చిన్నమ్మ.

కొమ్మ మీద కాకి అన్నం వైపే చూస్తోంది. మాలో ఎవరమూ దాన్ని మళ్లీ పిలవలేదు. ఇప్పచెట్ల వైపు గాలి తిరిగింది.